వంతెన మీద ఒప్పందం

“గుడ్లు పగిలితే ఊరుకోను ఆఫీసరుగారూ, చెబుతున్నా.”

సైలస్ ట్రెగియర్ బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాడు. గడ్డి, గుడ్లు తప్ప ఏమీ లేవు. బండి కింద వంగి చూశాడు. అక్కడా ఏమీ లేదు. మర్రే నది వంతెన మీద విక్టోరియా వైపు సుంకం అధికారిగా అతనికిది తొమ్మిదో ఏడు. ఒక్కో సీమా విడి రాజ్యంలా తన సరిహద్దులో సుంకం వసూలు చేసే రోజులవి. అవతలి ఒడ్డున, న్యూ సౌత్ వేల్స్‌లో ఉండే హొనోరా డెవిట్ బండిలో అతనికి ఇంతవరకూ ఒక్క బ్రాందీ సీసా దొరకలేదు. ఊళ్ళో సగంమంది కాళ్ళకున్న బూట్లు మాత్రం ఆవిడ బండిలో వచ్చినవే.

“వెతుక్కోండి, ఎన్నాళ్ళులే. ఆరు సీమలూ కలిసి ఒకే దేశమైతే ఈ గేటూ ఉండదు, మీరూ ఉండరు” అందామె.

“నా సంగతి సరే. సుంకమే లేకపోతే నీ దొంగసరుకు ఎవరు కొంటారు?”

హొనోరా కళ్ళెం వదిలేసింది. ఈ మాట ఇద్దరి మధ్యా పైకి రావడం అదే మొదటిసారి.

“అయితే ఇద్దరం మునిగినట్టే” అంది.

“ఇద్దరమూనూ.”

అలా కుదిరింది పాముకీ ముంగిసకీ పొత్తు. సీమలు కలవాలా వద్దా అని జూన్ మొదటి శుక్రవారం ఓటింగు. ఈలోపు ఇల్లిల్లూ తిరిగి ‘వద్దు’ అని చెప్పించాలి. సైలస్ తొమ్మిదేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టాడు. షరతులు రాసుకుందామన్నాడు.

“రాయండి. ముందు ఎవరు మాట్లాడాలో నేను చెబుతాను.”

“అధికారిని నేనూ...”

“బుల్లి సీమలు కూడా రాబోయే దేశపు పెద్దల సభలో సమానంగా కుర్చీలు అడిగి పుచ్చుకున్నాయి. నేనెందుకు తగ్గాలి?”

రాసుకున్నాడు.

మాట్లాడే పని ఆమెకి వదిలెయ్యడమే మంచిదైంది. సైలస్ నోరు విప్పితే చట్టంలో సెక్షన్ల నంబర్లు వచ్చేవి, వింటున్నవాళ్ళకి ఆవులింతలు వచ్చేవి. హొనోరా అలా కాదు. కమ్మరి ఆంగస్ గుమ్మంలో నిలబడి గొంతెత్తేది.

“మీ విక్టోరియా రైలుపట్టాలు వెడల్పు, మా పట్టాలు ఇరుకు. సరిహద్దు దగ్గర ప్రతి మూటా దించి మళ్ళీ ఎక్కించాలి. పట్టాలే కలపలేనివాళ్ళు దేశాన్ని కలుపుతారట! ఏడేళ్ళు విందులు చేసుకున్నారు. రాజధాని సిడ్నీ అంటే మెల్‌బోర్న్ అలిగింది, మెల్‌బోర్న్ అంటే సిడ్నీ అలిగింది. ఆఖరికి ఏం రాశారో తెలుసా? ‘తర్వాత చూద్దాం’ అని!”

ఆంగస్ పగలబడి నవ్వాడు. “నా ఓటు ‘వద్దు’కే, డెవిట్టమ్మా. నువ్వే లేకపోతే మాకు బ్రాందీ ఎవరు...” సైలస్‌ని చూసి నాలిక్కరుచుకున్నాడు. సైలస్ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

అందరూ అదే మాటిచ్చారు. రొట్టెలవాడు ప్రమాణం చేశాడు. బడిపంతులు గుండెమీద చెయ్యేసుకున్నాడు. పన్నెండు రోజుల్లో ఊరంతా అయిపోయింది. సైలస్ మాత్రం మళ్ళీ మొదటినుంచి తిరుగుదామన్నాడు.

“రొట్టెలవాడింటికి ఇది మూడోసారి!” అంది హొనోరా.

“మనసు మార్చుకుంటాడేమోనని.”

“గడ్డం కత్తిరించుకున్నారు, రొట్టెలవాడి కోసమేనా?”

సైలస్ దగ్గాడు.

ఆ సాయంత్రం చలిగాలి కొడుతుంటే వంతెన దాకా కలిసి నడిచారు. “మా ఇల్లు వంతెన దాటగానేగా, టీ తాగి వెళ్ళండి” అంది.

“గేటు ఉన్నన్నాళ్ళూ అనుమానితుల ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని రూలు.”

“తొమ్మిదేళ్ళనుంచీ అనుమానమేనా?”

“నాకు బ్రాందీ ఎప్పుడు దొరికింది గనక, తీరడానికి.”

ఆమె నవ్వలేదు. “నిజం చెప్పండి, గేటు పోతే ఏం చేస్తారు?”

“ఏమో. రోజూ పొద్దున్నే బండికోసం ఎదురుచూడ్డం తప్ప నాకింకో పని చేతకాదు.”

శుక్రవారం రానే వచ్చింది. ఓటింగు బడిలో. ఊరందరికీ ‘వద్దు’ నేర్పిన హొనోరా గుమ్మం బయటే ఆగిపోయింది. ఆడవాళ్ళకి ఓటు లేదు. ఆరు సీమలూ కలవాలా వద్దా అన్నది ఆంగస్ తేల్చవచ్చు, సారాకొట్టు ముందు పడిపోయేవాడు తేల్చవచ్చు, ఆమె మాత్రం కుదరదు.

“నా వంతు కూడా మీరే గట్టిగా గీత గీసి రండి” అంది.

సైలస్ లోపలికెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చినవాడు ఆమె వైపు చూడకుండా టోపీ సర్దుకున్నాడు.

పొద్దుగూకుతుంటే బడిపంతులు కాగితం పట్టుకుని మెట్లమీదికొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

“‘కలవాలి’ అన్న ఓట్లు, నూట డెబ్బై ఆరు.”

జనంలో గోల లేచింది. హొనోరా ఒక్కొక్క మొహమే చూసింది. ఆంగస్ తన బూట్లు చూసుకుంటున్నాడు. రొట్టెలవాడు ఎవరి వెనకో నక్కాడు.

“ఒక్కడికీ మాట మీద నిలబడే దమ్ము లేదు. నా ముందు ఒకటి, పెట్టె ముందు ఒకటీనా!” అంది. తర్వాత సైలస్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. “పోనీండి. ఊరంతా మోసం చేసినా, నా పక్షాన మీ ఓటొక్కటైనా మిగిలింది.”

సైలస్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయాడు.

గోల సద్దుమణగాలని పంతులు చెయ్యెత్తాడు. కాగితంలో రెండో వరస చదివాడు.

“‘వద్దు’ అన్న ఓటు ఒక్కటీ లేదు.”