ఆరో పిలక

నర్సవ్వ చేతిలోని కొడవలి లాక్కుని మంగేశ్ జీపులో పడేశాడు.

ఆమె నెత్తిమీద పచ్చి టేకు పుల్లల మోపు ఉంది. పట్టపగలు, ప్రభుత్వ జీపుకు ఎదురొచ్చిన దొంగను అతను ఇంతవరకు చూడలేదు.

"అడవిని కోస్తుంటే భయమనిపిస్తలేదా అవ్వా?"

"అడవిని నేనెందుకు కోస్త బిడ్డా? పిలకలు కోసిన. నరికిన మోడుకు ఆరు లేస్తయ్. అయిదు తీసిన, ఒకటి ఉంచిన."

"ఒకటి ఉంచినవని శాలువా కప్పాల్నా?"

పక్కనున్న ఫారెస్టు గార్డు బాబురావ్ నవ్వాడు. "ఏటా గిదే పని సాహెబ్. నా రిజిస్టర్ల ఇరవై సార్లు ఉన్నది ఈమె పేరు."

మంగేశ్ నాందేడ్ నుంచి కిన్వట్ అడవులకు సర్వే కోసం వచ్చాడు. అడవి ఎక్కడ తరుగుతోంది, దానివల్ల గాలిలోకి ఎంత కార్బన్ చేరుతోంది అన్నది లెక్క. చేతిలో ఉపగ్రహం తీసిన బొమ్మ, ఒక టేపు, నింపాల్సిన ఫారం.

ఫారంలో 'అడవి తగ్గడానికి కారకులు' అని ఒక గడి ఉంది. దాని కింద 'పెరగడానికి కారకులు' అని ఇంకోటి. రెండేళ్ళుగా ఆ కింది గడిలో రాయడానికి అతనికేమీ దొరకలేదు.

పై గడిలో నర్సవ్వ పేరు రాశాడు.

"అండ్ల పేరెక్కితే ఏమైతది?" అంది నర్సవ్వ.

"ఇగ నిన్ను గుట్ట ఎక్కనియ్యరు."

నర్సవ్వ ముఖం చిన్నబోయింది. "ఆవలి గుట్ట ఇప్పుడే షురూ చేసిన బిడ్డా. వానలు పడకముందే అయిపోవాలె."

పొయ్యిలోకి పుల్లల దిగులు కాబోలు అనుకున్నాడు మంగేశ్. ఆమె మోపు అక్కడే దించి, ఉత్త చేతులతో వెళ్ళిపోయింది.

మంగేశ్, బాబురావ్ ఇద్దరూ గుట్ట ఎక్కారు.

ఎక్కుతుంటే మంగేశ్ అలసట మరిచిపోయాడు. బొమ్మలో ముదురాకుపచ్చగా కనిపించింది నిజమే. నిటారైన టేకు చెట్లు, కింద చల్లటి నీడ. పెరిగిన అడవిని చూసి ఎన్నాళ్ళయిందో. హాయిగా అనిపించింది.

"ఇరవై మూడేండ్ల కింద ఈ గుట్టను మొత్తం నరికిన్రు సాహెబ్. ఆవలి గుట్టనూ గదే ఏడాది నరికిన్రు."

మంగేశ్ అటు చూశాడు. ఆవలి గుట్ట నిండా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గుబురుగా పెరిగిన సన్న పుల్లలే. ఒక్కటీ చెట్టు కాలేదు.

"మరి ఇది ఎట్ల పెరిగింది? ఇక్కడ ఎవరు పనిచేసిన్రు?"

"ఎవ్వరు లేరు సాహెబ్. నరికినంక ఇటు దిక్కు ఎవరూ రాలే. గా ముసల్దాన్ని పట్టుకునేటందుకు నేనొక్కన్నే వస్తుంటి."

మంగేశ్ చెట్టు చుట్టుకొలత తీయడానికి టేపుతో వంగాడు. చెట్టు మొదట్లో మానిపోయిన కొడవలి గాట్లు. లెక్కపెట్టాడు. అయిదు.

పక్క చెట్టు దగ్గర కూర్చున్నాడు. అక్కడా అయిదే.

మూడో చెట్టు దగ్గర లెక్కపెట్టలేదు. దాని బెరడు మీద చెయ్యి వేశాడు. సిగ్గేసింది. ఎందుకో సంతోషమూ వేసింది.

ఫారం తీసి, ఏదో కొట్టేసి, ఏదో రాశాడు.

"ఆమె ఇల్లు ఎక్కడ, బాబురావ్?"

"మళ్ళ కేసు రాస్తరా సాహెబ్?"

"కాదు. కొడవలి ఇచ్చి రావాలె. ఆవలి గుట్ట ఇంక అట్లనే ఉన్నది."

బాబురావ్ అర్థంకాక ఫారంలోకి తొంగిచూశాడు: రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న కింది గడిలో, 'పెరగడానికి కారకులు' అన్నచోట, నర్సవ్వ పేరు ఉంది.