గోడ మీది నెమలి

పట్నంలో ఇప్పుడు దీపాల బదులు గోడలే వెలుగుతున్నాయనీ, అంజినమ్మ చేసే తోలు ల్యాంప్‌షేడ్లు ఇక ఎవరూ కొనరనీ పొరుగింటి కుళ్లాయమ్మ వీధంతా చెప్పిందట. నిజమే, ఏడాదిగా బేరాల్లేవు. అంజినమ్మ ఉలిని అటకెక్కించబోతుంటే పట్నం నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

బొమ్మకు కన్ను మాత్రం కొనేవాళ్ల ఎదుటే తెరవడం ఆ ఇంటి ఆచారం. అంజినమ్మ కిటికీ మూసి, షేడు లోపల బల్బు వెలిగించి, మేకతోలు మీది నెమలికి చివరి చిల్లు పొడిచింది. మట్టిగోడ మీద నెమలి నీడ పడి, కన్ను మెరిసింది. వెలిగే గోడల మధ్యే పుట్టి నీడన్నదే ఎరగని ఆ పిల్ల దాన్ని పట్టుకోబోయి కిలకిలా నవ్వింది. అంజినమ్మ ఆ నవ్వుకు లోలోపలే దండం పెట్టుకుంది.

"మా గోడలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయండీ, నెమలి కనపడదేమో" అని తల్లి వెనకాడింది.

చూద్దామని లోపలికి దూరిన కుళ్లాయమ్మ అందుకుంది.

"అట్లయితే ఆ గోడలు ఆర్పేయమ్మా, బిడ్డ ఆడుకుంటాది."