పన్నెండో నంబరు రిమోటు

“పుస్తకాల సంచి ఇచ్చీండి టీచరమ్మా, మా గుంటని తోలుకుపోతాను,” అన్నాడు గాసి, గుమ్మం బయటే నిలబడి.

సుజానా టీచరు చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది. అనంతగిరి కొండల మీద ఆ ఒంటి టీచరు బడిలో పిల్లలు పద్నాలుగు మంది. ఐదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల గాసి కూతురు సోని ఒక్కర్తే.

“ఏమైంది గాసన్నా?”

“ఏటవ్వాలి? కాఫీ పళ్లు పండిపోనాయి. ఐదేళ్లై బడికొత్తంది. ఏటి సదివేవే అంటే నోరిప్పదు. రాయిలాగ కూకుంటాది. అంతా వాళ్లమ్మ పోలిక!”

వాళ్లమ్మ సోములమ్మ ఆ బడిలోనే వంటమనిషి. తరగతికీ వంటగదికీ మధ్య ఒక్కటే కిటికీ. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే అవతల ఆమె గరిటె కూడా అదే లయలో తిరిగేది. మొగుడి మాట విన్నా ఆమె తల ఎత్తలేదు.

“ఏయ్ సోములూ, ఇంటి తాళం ఇలాగియ్యి.”

సోములమ్మ కొంగు ముడి విప్పి తాళం ఇచ్చింది. ఆ ఇంట్లో తాళమైనా, చేతి వెండి మురుగైనా ఉండేది ఆ కొంగు ముడిలోనే.

గాసి అన్నది అబద్ధం కాదు. సోని గొంతు తరగతిలో ఎవరూ విన్నది లేదు. ఏమడిగినా తల దించుకుని జడ రిబ్బను వేలికి చుట్టుకుంటుంది.

“వచ్చే వారం శుక్రవారం దాకా ఆగన్నా. ఆ రోజు నువ్వే వచ్చి చూద్దువు గాని. ఏమీ రాదని తేలితే నేనే పంపేస్తాను.”

“ఆ మాట మీదుండండి మరి,” అని గాసి వెళ్లిపోయాడు.

ఆమె ధైర్యమంతా విద్యాశాఖ పంపిన రాబిన్ మాస్టారు తెచ్చిన పాఠాల యంత్రాల మీద. ఆయన విశాఖపట్నం నుంచి జీపులో రెండు రకాలు తెచ్చాడు. రెండూ వాడి చూసి, పిల్లలకి ఏది పనికొస్తుందో ఆమె రాసిస్తే అది బడికి వదిలేస్తారు.

ముందు వేలితో రాసే బోర్డు పెట్టారు. ముట్టుకుంటే బొమ్మ కదులుతుంది. వెలుతురు పడితే మాత్రం బొమ్మ వెలిసిపోతుందని కిటికీ మూసేశారు. పిల్లల్లో బుజ్జిబాబు దాన్ని వదిలితే ఒట్టు. మిగతావాళ్లు నాలుగు రోజులూ వాడి వీపు చూస్తూ కూర్చున్నారు.

తరవాత సోమవారం రిమోట్లు వచ్చాయి. తలకొకటి, మీద నంబరు. ప్రశ్న నోటితో అడిగి నాలుగు జవాబులు చెబితే చాలు. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు మీటల్లో ఒకటి నొక్కాలి. కిటికీ మళ్లీ తెరుచుకుంది.

“తీగ లేదు మేడమ్. గోడ అవతల నుంచి నొక్కినా కంప్యూటర్లో పడిపోద్ది,” అని రాబిన్ పిల్లలవైపు తిరిగాడు. “ఒక్కటి పోయిందా, నా ఉద్యోగం పోద్ది! ప్రాణంలా దాచుకోవాలి. తెలిసిందా?”

పిల్లలు బెదిరిపోయి తలలూపారు.

ఆ మర్నాడే మొదటి పరీక్ష. గొంతుచించుకునే బుజ్జిబాబుకి పదికి నాలుగు. పన్నెండో నంబరుకి తొమ్మిది. జాబితా చూస్తే పన్నెండు సోని!

“నోరు లేనోళ్లకి ఇదే నోరు మేడమ్,” అన్నాడు రాబిన్.

సుజానా ఆనందం పట్టలేక తల నిమిరితే, సోని ఇంకా ముడుచుకుపోయింది.

శుక్రవారం గాసి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీ అవతల గంజి పొంగిపోతున్నా సోములమ్మ కదల్లేదు. కన్నతల్లి కదా!

“ఒక్కో చెట్టుకి ఎనిమిది కిలోల పళ్లు. పన్నెండు చెట్లకి ఎన్ని? ఎరుపు ఎనభై నాలుగు, పచ్చ తొంభై ఆరు, నీలం నూట ఆరు, తెలుపు నూట ఎనిమిది.”

గాసి వేళ్లు మడుస్తున్నాడు. సుజానా కళ్లు కంప్యూటరు మీదే ఉన్నాయి. టింగుమంది. అందరికన్నా ముందు పన్నెండో నంబరు. పచ్చ. సోని తల ఎత్తనే లేదు, రిబ్బను చుడుతోంది, విప్పుతోంది.

చివరికి పదికి పది.

గాసి లేచి నిలబడ్డాడు. “నాను లెక్కెట్టేలోపే సెప్పీసింది! ఇది గుంట కాదు, పిడుగు! ఏటే సోములూ, ఇది నీ పోలిక కాదే. నా పోలిక!”

“అవును మరి,” అని సోములమ్మ నవ్వి, గంజి దించడానికి వెళ్లింది.

గాసి సంచి తనే కూతురి భుజాన తగిలించాడు. “పెద్ద బడికి కూడా పంపుతాను టీచరమ్మా. మాటంటే మాటే.”

అతను వెళ్లగానే సుజానా ‘రిమోట్లే కావాలి’ అని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. రాబిన్ రిమోట్లు పోగుచేసి లెక్కచూశాడు. పదమూడే ఉన్నాయి.

“మేడమ్, పన్నెండో నంబరు లేదు!” ఆయన వంగి బెంచీల కింద వెతికాడు.

“సోనీ, నీ రిమోటు ఏదమ్మా?”

సోని రిబ్బను వదిలేసింది. ఐదేళ్లలో మొదటిసారి ఆ తరగతిలో ఆమె గొంతు వినబడింది.

“ప్రాణంలాగ దాసుకోమన్నారని, ఇచ్చిన రోజే మాయమ్మకి ఇచ్చీసేను మేడమ్.”