జపాన్ హోటల్లో వదినగారు

జపాన్ ప్రయాణానికి ముందు పరీక్ష పెడతానని మనవరాలు అమ్మమ్మనైన నన్నూ, వాళ్ల నాయనమ్మనీ ఊళ్లోని జపాన్ హోటల్‌కి తీసుకెళ్లింది. కూర్చోగానే పిల్ల ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

పది రోజులుగా ఇదే వరస. జపనీస్‌లో భోజనం అడగడానికి ముప్పై రెండు వాక్యాలు రాసుకుని, తడుముకోకుండా అప్పజెప్పింది నేను. పిల్ల తలుపు వేసుకుని కూర్చునేది మాత్రం ఆవిడతో.

"మీ పాఠం ఇంకా మొదటి పేజీలోనే ఉందా, వదినగారూ?" అన్నాను. ఆవిడ నవ్వింది.

వడ్డించే అతను రాగానే నేనే ముందు జపనీస్‌లో చెప్పాను: "మీ దగ్గర ఏది బాగుంటే అది తీసుకురండి." అతను రాసుకుని కదిలాడు.

వదినగారు గభాల్న అతని చొక్కా పట్టుకుంది. నన్ను చూపిస్తూ, చెమటలు కక్కుతూ ఒక్క వాక్యం పలికింది. అతను రాసింది కొట్టేశాడు.

"నా మీద ఏమని చెప్పింది?" అని పిల్లని అడిగాను.

"ఈవిడకి రొయ్యలు తింటే ఊపిరాడదు, ఏ వంటలోనూ వెయ్యొద్దు అని. అమ్మమ్మా, నాయనమ్మ తనకి ఆ ఒక్కటీ నేర్పితే చాలంది."

వదినగారు నా మొహంలోకి భయంభయంగా చూసింది.

"తప్పు పలికానా, వదినగారూ?"