మొదటి విలువ

"మెరియెండా చివర్లో పెడతాం లోలో. అప్పుడు రండి," అన్నాడు సభ ఏర్పాట్లు చూస్తున్న రోడెల్.

అక్కడ తాతని లోలో అంటారు. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన మెడలో పేరు చీటీ లేదు. చొక్కా ఓడ ప్రయాణంలో నలిగిపోయి ఉంది.

ఫిలిప్పీన్స్‌లోని సెబులో కంప్యూటర్ వాళ్ల సభలకి ఊరికే వచ్చే ఆ మెరియెండా పలహారం కోసం దూరేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని చూడగానే పట్టేస్తానని రోడెల్ గొప్పలు పోయేవాడు.

"తిండికి కాదు బాబూ. మారివిక్ మాట్లాడుతుందంటే విందామని."

"జావాస్క్రిప్ట్ గురించి లోలో. నిద్రొస్తుంది."

"వస్తే పడుకుంటాలే," అని ఆయన వెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు.

వేదిక మీద మారివిక్ మంచి ఊపులో ఉంది.

వెబ్ పేజీ ఏ క్షణాన ఏం చూపించాలో గుర్తుపెట్టుకునే భాగాన్ని స్టేట్ అంటారు. దాన్ని కొత్తగా అమర్చాలంటే అక్కడ అందరూ హగ్దాన్ అనే పాత సరంజామానే వాడేవారు. హగ్దాన్ అంటే మెట్లు. పేరు చెప్పుకోని మనిషెవరో రాసి నెట్‌లో ఉచితంగా పెట్టాడు. దాంతో పని మొదలెట్టాలంటే ఫైలు మీద ఫైలు రాయాలి. ప్రతి అంశానికీ మొదటి విలువ మనమే టైపు చేయాలి. ఒక్కటి మరిచినా పేజీ తెరుచుకోదు.

"ఆ మెట్లెక్కి మన మోకాళ్లు అరిగిపోయాయి," అంది మారివిక్. "నేను లిఫ్టు పెట్టాను. ఒక్క లైను రాయండి చాలు. మిగతాదంతా అదే నింపుకుంటుంది."

హాలంతా చప్పట్లు.

తెర మీద తుఫాను పేజీ చూపించింది. తీరంలో ఏ ఆశ్రయంలో చోటుందో జనం ఫోన్లో చూసుకునే పేజీ అది. వానలకి ముందే ఊరూరికీ ఇవ్వబోతున్నారు.

పెద్దాయన చెయ్యెత్తాడు. ఎవరో మైకు అందించారు.

"ఆశ్రయాల నుంచి కబురు ఇంకా అందకముందు ఈ పేజీ ఏం చూపిస్తుందమ్మా?"

"మొదటి విలువ."

"అదెవరు రాశారు?"

"ఎవరూ రాయక్కర్లేదు లోలో. జాబితాలో ముందున్న మాట తీసుకుంటుంది. సుఖమంతా అక్కడే ఉంది."

"ముందున్న మాటేమిటి?"

"ఖాళీ ఉంది. ఆ తర్వాత నిండిపోయింది, మూసేశారు."

"తెలియదు అని లేదా?"

"తుఫాన్లో తెలియదంటే జనం హడలిపోరూ? అయినా కన్నుమూసి తెరిచేలోగా అసలు కబురు వచ్చేస్తుంది."

"రాకపోతే?"

రోడెల్ వచ్చి ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"లోలోకి ఆకలి దంచేస్తున్నట్టుంది. ఎవరన్నా ఓ ప్లేటు పాన్సిత్ నూడుల్స్ పెట్టండి."

అందరూ నవ్వారు. మారివిక్ కూడా నవ్వింది.

సభ అయ్యాక ఆయన వేదిక దాకా వచ్చాడు. ఆమె చుట్టూ మూగిన కుర్రాళ్లని చూసి, కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

నవంబరులో తుఫాను వచ్చింది. సముద్రం పొంగకముందే సెల్ టవర్లు కూలాయి.

తీరాన ఉన్న సాన్ ఇలారియో ఊళ్లో జనం ఫోన్లు తీశారు. ముందే ఫోన్లో దాచుకున్న పేజీ తెరుచుకుంది. కబురు మాత్రం అందలేదు. అన్ని ఆశ్రయాల పక్కనా పచ్చరంగులో 'ఖాళీ ఉంది' అని కనిపించింది.

ఒడ్డున ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు ఆశ్రయాన్ని ముందురోజే మూసేశారు. పిల్లల్ని చంకనేసుకుని జనం దానివైపే నడిచారు. తాళం వేసిన గేటు దగ్గర నీళ్లు వాళ్లని ముంచేశాయి.

పేజీ చెడిపోలేదు. జాబితాలో ముందున్న మాట చూపించింది, అంతే.

దారి తెరుచుకోగానే మారివిక్, ఆమెతో కలిసి పనిచేసే రోడెల్ మంచినీళ్ల డబ్బాలతో ఆ ఊరెళ్లారు. తామెవరో ఎవరికీ చెప్పలేదు.

"నెట్ పోతే మనమేం చేస్తాం ఆతే, చెప్పక్కా," అన్నాడు రోడెల్ దారిలో.

ఊరు రాగానే మారివిక్ నీళ్ల డబ్బాలు దించడం మొదలెట్టింది.

నీళ్లకి వచ్చిన చేపలావిడ తనే చెప్పుకొచ్చింది.

"మా వీధి బతికిందంటే ఒక పెద్దాయన పుణ్యం. మలుపులో రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పేజీకి ఏమీ తెలియదు, చర్చి గుట్ట ఎక్కి చావండి అని తిట్టి మరీ తోలాడు."

"ఆయనెక్కడున్నాడు?"

"ముందెళ్లిన వాళ్లని వెనక్కి తెస్తానని కోర్టు వైపు పోయాడు. అదిగో, ఆయన ఇల్లు."

ఇంట్లో శవపేటిక ఉంది. దాని మీద ఫొటో చూసి రోడెల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఫొటోలోది చివరి వరసలో కూర్చున్న మనిషే.

పేటిక పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. మారివిక్ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"నానాయ్, ఆ పేజీ నేనే చేశానమ్మా. నా పేరు మారివిక్."

ముసలామె తిట్టలేదు. ఆమె తల మీద చెయ్యి వేసింది.

"నువ్వేనా దాయ్? మా ఆయన, నాకు చూపు పోతోంది, ఇక నా హగ్దాన్‌ని మారివిక్ చేతిలో పెట్టేస్తాను, దానికి తగిన పిల్ల అదొక్కతే అని చెప్పే ఆ రోజు ఓడెక్కాడు."