ఎదురుగా కూర్చున్న మనిషి

ముత్యమ్మ తన బొమ్మ ముందు నిలబడి ముక్కు తడుముకుంది.

“గింత లావుంటదా నా ముక్కు?”

“జెర తగ్గించే వేసిన అత్తా,” అంది రవళి.

“పొద్దంత కూసోబెట్టి నడుములు ఇరగ్గొట్టినవ్. ఫోన్ల ఒక ఫొటో గుంజుకుంటే అయిపోవు గదా.”

“ఫొటో చూసి నేను గీయ. మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే.”

అక్కడున్నవాళ్లు నవ్వారు. పటాన్‌చెరులో మూతపడ్డ లేత్ మెషిన్ల షెడ్డు అది. గోడలకు తెల్ల రంగు వేయించి, లైట్లు పెట్టి, రవళి తన బొమ్మలు వేలాడదీసింది. అన్నీ చుట్టుపక్కల గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల బొమ్మలే. ప్రతి బొమ్మ కిందా పేరు ఉంది, ఒక్కదానికి తప్ప.

ఆ ఒక్క బొమ్మ ముందు ఒక పెద్దావిడ చాలాసేపటిగా కదలకుండా నిలబడి ఉంది. గుడికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది.

బొమ్మలో కడుపుతో ఉన్న అమ్మాయి మంచం మీద కూర్చుంది. చూపు మన మీద లేదు. మన వెనక ఎక్కడో ఉంది. చూసినవాళ్లంతా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తున్నారు.

రవళి ఆమె దగ్గరికి వెళ్లింది. “బాగుందా పెద్దమ్మా?”

“ఎటు సూస్తున్నది గీ పిల్ల?”

“తలుపు దిక్కు. గీసినన్ని రోజులు తలుపే చూసింది. ఆయన డ్యూటీకెల్లి వచ్చే యాళ్ల అయిందేమో అనుకున్న.”

“పేరు రాయలేదేంది?”

“రాయొద్దన్నది. సిగ్గు.”

“నిషిత,” అంది పెద్దావిడ.

రవళి ఆశ్చర్యపోయింది. “మీకెట్ల తెలుసు?”

“నా బిడ్డ. నా పేరు ఇందిరమ్మ, మాది కొండాపూర్ దిక్కు. పోయినేడే నా బిడ్డకు దినాలు చేసినం.”

రవళికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు జలదరించింది.

ఇందిరమ్మ కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది. తెరమీద ఫ్లెక్సీ ఫొటో. దండ వేసిన ముఖం, కింద అశ్రునివాళి. రెండు జడలతో ఉంది గానీ అదే ముఖం, అవే కళ్లు.

“పదకొండో నాడు ఊరందరికి బువ్వ పెట్టినం. నువ్వేసిన బొమ్మను ఎవలో మా కొడుకు ఫోన్లకు పంపిండ్రు. నమ్మలే. కండ్లతోని సూసిపోదామని వచ్చినం.”

ముత్యమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “ఎవల్ని కూసోబెట్టుకున్నవే పిల్లా,” అని గొణిగి, తన బొమ్మ వైపైనా చూడకుండా బయటికి నడిచింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. షెడ్డులో ఇద్దరే మిగిలారు.

“గిది ఎప్పుడేసినవ్ బిడ్డా?”

“ఈ ఎండాకాలంల. ఆమె రూముల్నే.”

“సక్కగ యాద్ జేసుకో. ఎడమ చెయ్యి సూసినవా?”

బొమ్మలో ఎడమ చెయ్యి చున్నీ కింద ఉంది. రవళి కళ్లు మూసుకుంది. “మణికట్టు మీద కాలిన మచ్చ. చిన్నప్పుడు రొట్టెల పెంక తాకిందని చెప్పింది.”

ఇందిరమ్మ గోడకు ఆనుకుంది. చేత్తో నోరు మూసుకుంది.

రవళి గొంతు తగ్గించి అడిగింది. “పెద్దమ్మా, అప్పుడు శవాన్ని మీరు చూసిండ్రా?”

“ఎవ్వలం సూడలే.”

రవళికి ఊపిరి వచ్చింది. ఈ ఫ్యాక్టరీల మధ్య అలాంటివి జరుగుతాయని ఆమె విన్నది. ఎవరో కాలిపోతారు, గుర్తుపట్టలేని శవానికి ఎవరి పేరో రాస్తారు. ఒక తల్లికి బిడ్డను తిరిగి ఇచ్చే అదృష్టం తన కుంచెకు దక్కింది.

“మీ బిడ్డ బతికే ఉన్నది. ముత్తంగిల ఉన్నది. ఫోన్ చేస్త, మాట్లాడుండ్రి.”

“వద్దు బిడ్డా.” ఇందిరమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. “దడుసుకుంటది. కడుపుతోని ఉన్న పిల్ల. ఎన్నో నెల?”

“నెలలు నిండుతున్నయి.”

ఇందిరమ్మ మళ్లీ బొమ్మ వైపు చూసింది. తర్వాత అడిగింది. “ఇంట్ల ఇంకెవలుంటరు?”

“ఇప్పుడు పనికి పోతలేదు, పగలంత ఒక్కతే. ఆయన గోదాముల చేస్తడు, చీకటి పడ్డంకనే వస్తడు. నేను గూడ వస్త పాండ్రి, తోవ చూపిస్త.”

“నీకెందుకు తక్లీఫ్. బయట మా కొడుకు సందీపు ఉన్నడు. ఇంటోళ్లమే పోతం. యాడనో చెప్పు, సాలు.”

మాటలతో చెప్పడం రవళికి చేతకాదు. పెన్సిల్ తీసుకుంది. ముత్తంగి జంక్షన్, లారీలు ఆగే చోటు, గోదాముల వెనక సందు, టీ కొట్టు పక్కన మెట్లు. పై అంతస్తులో చివరి తలుపు. ఎవరూ దారి తప్పకుండా గీసింది.

ఇందిరమ్మ కాగితాన్ని మడిచి కొంగులో దాచుకుంది. రవళి తల మీద చెయ్యి పెట్టింది. “సల్లగుండు బిడ్డా.”

ఆ చెయ్యి చల్లగా ఉంది. రవళి కళ్లు నిండాయి.

బయట జీపులో సందీప్‌తో పాటు మరో ముగ్గురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇందిరమ్మ ముందు సీటు ఎక్కి, కొంగులోని కాగితం తీసి కొడుకు చేతికి ఇచ్చింది.

“పొద్దుగూకక ముందే పోవాలె,” అంది.

కులం కానివాణ్ణి చేసుకుని పోయినందుకు, బతికున్న నిషితకు దినాలు చేసి ఊరికి భోజనాలు పెట్టిన నాటి నుంచి, ఆ తల్లీ కొడుకులు వెతుకుతున్నది ఈ అడ్రసు కోసమే.