చాటంత మచ్చ

“తుడ్సేద్దామా తమ్మీ? రెండు నిమిషాల పని,” అంటూ బాలన్న మౌసు మీద చెయ్యి వేశాడు.

కల్వకుర్తి బస్టాండు ఎదురుగా బాలన్న నడిపే ఇంటర్నెట్ సెంటర్ అది. తెర మీద ఉన్నది ఉప్పునుంతలలోని అనంతయ్య పటేల్ జొన్నచేను, పైనుంచి పిట్ట చూసినట్టు. ఆ ఫొటో తీసిన శివ పక్కనే కుర్చీ అంచున కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

శివకి ఊళ్లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫొటోలతో ఇల్లు గడుస్తుంది. పిచ్చి మాత్రం వేరే. మనిషెత్తు గాలిపటం కట్టి, దాని దారానికి సైకిలు పుల్లల చట్రంలో కెమెరా వేలాడదీసి ఆకాశంలోకి పంపిస్తాడు. కెమెరా పైన తనంతట తానే ఫొటోలు తీస్తూ ఉంటుంది. పెండ్లీడు దాటుతున్నా పతంగులేందిరా అని ఊరంతా నవ్వింది. నవ్వనిది ఒక్క ఇంటర్నెట్టే. ఇట్లా గాలిపటాలతో ఫొటోలు తీసే పిచ్చివాళ్లందరూ చేరిన సైటు ఒకటి దొరికింది అతనికి. వాళ్లు ఏ దేశంవాళ్లో, ఎట్లా ఉంటారో తెలియదు. పెట్టిన ప్రతి ఫొటోకీ మంచీ చెడూ చెప్పేవాళ్లు. ఆ నాలుగు మాటల కోసం వారం వారం బస్సెక్కి వచ్చేవాడు.

ఇవాళ ఆ సైటులో అందరూ గౌరవించే ‘గద్ద’ అనే పేరుగల ఆయన రాశాడు: “కొత్త ఏడాది క్యాలెండరుకి నీ జొన్నచేను ఎంపికయింది. కానీ కింది మూలలో నల్లమచ్చ ఉంది. ఈ చేనుని తీసిన నీ ఫొటోలన్నిటిలోనూ ఉంది. లెన్సు మీద మురికి. దాన్ని తీసేసి సాయంత్రంలోగా పంపు.”

శివ లెన్సు తుడవని రోజు లేదు. పోయిన వారం చేనుకి అవతలి వైపు నుంచి గాలిపటం ఎగరేస్తే మచ్చ రెండో మూలకి పోయింది. మురికికి కాళ్లొచ్చాయా అని తల పట్టుకున్నాడు. ఏదైతేనేం, క్యాలెండరు ఎక్కితే ఊరి నోళ్లన్నీ ఒక్కసారే మూతపడతాయి.

“తుడ్సెయ్ అన్నా,” అన్నాడు.

“ఆగు నాయినా,” అంది వెనక స్టూలు మీద నుంచి ఏసమ్మ.

శివ ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. మర్నాడు సమాధుల పండుగ, పోయినవాళ్లకి దీపం పెట్టే రోజు. కొవ్వొత్తులు కొందామని కొడుకుతో బస్సెక్కి వచ్చింది. భర్త దేవదాసు సమాధికి ఒకటి, అనంతయ్య చేనుకి నాలుగు మూలలా నాలుగు. ఏటా ఇదే వరుస. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె కూలి చేసింది ఆ చేనులోనే. పటేల్ కొబ్బరికాయ కొట్టినట్టే అమ్మ కొవ్వొత్తి పెడుతోందని శివ అనుకునేవాడు. అనంతయ్య కూడా అంతే. ఏసమ్మ దీపం పెడితే చేను విరగపండుతుందని నమ్మి, ఏటా చేటెడు జొన్నలు ఒళ్లో పోసి పంపేవాడు.

“గిది మన పటేల్ చేనే గదా? జర పెద్దగ చెయ్,” అంది ఏసమ్మ.

బాలన్న బొమ్మని పెద్దది చేశాడు. “అరె, నలుపు కాదు పెద్దమ్మా, పచ్చ! వానల్లేక చుట్టూత జొన్న వాడిపోయింది. గీ చాటంత జాగల మాత్రం నిగనిగలాడుతున్నది.”

“గట్టు మీది తుమ్మచెట్టు యాడుంది?”

“గిదిగో. గాడికెళ్లి ఏడెనిమిది సాళ్లు ఉంటదేమో.”

ఏసమ్మ తెరకి మొహం ఆనించినంత పని చేసింది. “గా యేడు గిదంతా బీడు. మీ నాయిన ఒక్కనికే ఎరుక. ఎన్నడు అడిగినా నోరిప్పకపాయె.”

“ఏంది ఎరుక?” అన్నాడు శివ.

“చెర్పకు బిడ్డా. గట్లనే పంపు.”

“మచ్చ ఉంటే తీస్కోరమ్మా! పరేషాన్ చెయ్యకు. ఇన్నేండ్లకు నన్నొక మనిషి లెక్క చూసిండ్రు.”

“తెలుసు బిడ్డా. అయినా చెర్పకు.”

ఆమె కొడుకు మణికట్టు పట్టుకుంది. అమ్మ ఇన్నేళ్లలో ఏదీ కావాలని అడగలేదు. శివ బాలన్న వైపు తిరిగాడు. మచ్చతోనే పంపించమన్నాడు. కాసేపటికే ‘గద్ద’ జవాబు వచ్చింది: వేరేవాళ్ల ఫొటో తీసుకుంటున్నాం, ఏమనుకోకు.

శివకి ఏడుపొచ్చింది. బాలన్న అచ్చు తీసి ఇచ్చిన ఆ ఫొటోని ఏసమ్మ కొంగులో చుట్టుకుంది. బస్సులో శివ వేరే సీటులో కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం దేవదాసు సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఏసమ్మ చేను దారి పట్టింది. శివ మూతి ముడుచుకునే వెంట నడిచాడు. ఆమె మూలలకి పోలేదు. ఫొటో చేత పట్టుకుని, తుమ్మచెట్టు దగ్గర నుంచి సాళ్లు దాటుకుంటూ పోయి, జొన్న చిక్కగా పచ్చగా ఉన్న చోట కూలబడింది. నాలుగు కొవ్వొత్తులూ అక్కడే గుచ్చి వెలిగించింది.

గట్టు మీద నుంచి అనంతయ్య కేకేశాడు. “ఏందే ఏసమ్మా, ఈయేడు మూలలకు పెట్టవా? పంట గిట్ల దెబ్బతింటదేమో!”

“గదే అడుగుతున్న,” అన్నాడు శివ. “ఎప్పుడు నాలుగు దిక్కుల పెడ్తివి గదా?”

“ఏ దిక్కో తెల్వకనే పెట్టిన బిడ్డా. గప్పుడు పచ్చి బాలింతనని నన్ను ఇల్లు కదలనియ్యలే.”

ఆమె అరచేత్తో మట్టిని నిమిరింది.

“మీ నాయిన నీ అక్కను పండవెట్టింది గీడనే.”